ఉద్యోగి బదిలీ: కంపెనీకి కావలసింది ముందే తేలిన లెక్క

ఉద్యోగుల బదిలీ పనులు చూసే సంస్థలు ఎక్కువగా ప్యాకింగ్ గురించే చెప్పుకుంటాయి. కంపెనీ హెచ్‌ఆర్‌కి తలనొప్పి తెచ్చేది మాత్రం మొదట చెప్పిన మొత్తానికీ చివరి బిల్లుకీ మధ్య తేడా.

ఆ తేడా చాలాసార్లు సర్వేలోనే, అంటే సామాను ఎంతుందో ముందుగా చూసి అంచనా కట్టేటప్పుడే పుడుతుంది. ఫోన్లో అడిగి రాసుకున్న జాబితాలో అటక మీది పెట్టెలు, బాల్కనీలో సైకిళ్లు ఉండవు. 20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటున్నా, ఇంటి సామాను సర్దితే 28 దాటడం కష్టం. అంచనా కాస్త తప్పినా మిగిలిన సామానుకి ఇంకో ఏర్పాటు చూడాలి. అందుకే వీడియోలోనైనా సరే, ప్రతి అల్మారా తలుపూ తెరిపించి చూడాలి. ఏవి వెళ్తాయో, ఏవి వెళ్లవో ఉద్యోగితో అప్పుడే ఖాయం చేయించాలి.

విమానంలో పంపేవాటికి అసలు బరువొక్కటే చూస్తే చాలదు. సాధారణంగా సామాను ఆక్రమించే చోటును కూడా ఘనపు మీటరుకు 167 కిలోల చొప్పున బరువుగా లెక్కగట్టి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తారు. దిండ్లూ పరుపులూ అలా పంపడం శుద్ధ దండగ.

పియానో, గోదాంలో అదనపు నెల లాంటివి కంపెనీ బదిలీ పాలసీ పరిమితి దాటితే ఉద్యోగి నోటిమాట మీద ఒప్పుకోకూడదు. హెచ్‌ఆర్ రాతపూర్వక అనుమతి వచ్చాకే మొదలుపెట్టి, బిల్లులో విడి వరుసలో, అనుమతి తేదీతో సహా చూపాలి.