యార్డులో ఘాటు, చెవిలో పాట

శివరాత్రి దాటాక మిర్చి యార్డులో ఊపిరాడదు. ఇవాళ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల కొద్దీ దిగాయి. మా కమీషన్ కొట్టు ముందు తేజ కాయలు కుప్ప పోసేసరికి కళ్లు మండిపోయాయి. పదకొండింటికల్లా నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. పద్దుల పుస్తకం మూసి, ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చి, గోడకి చేరగిలబడ్డాను. ఆ కాసేపూ తెరెసా టెంగ్ పాటలు పెట్టుకున్నాను.

ఆమెను నాకు పరిచయం చేసింది ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు. మొదట పంపిన పాట 'కూకో'. అంటే విమానాశ్రయం అట. "ఇది వింటే నాకు గన్నవరం గుర్తొస్తుందక్కా" అన్నాడు. ఆ మాటకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆమెది తైవాన్. 1974లో, 21 ఏళ్ల వయసులో, జపాన్‌లో అక్కడి భాషలోనే పాడటం మొదలుపెట్టింది. మొదటి రికార్డు ఆడలేదు. రెండోది ఈ 'కూకో'. దాంతో ఆ ఏడాదే కొత్త గాయని అవార్డు అందుకుంది. 1979లో ఇండోనేషియా పాస్‌పోర్టుతో వచ్చి గొడవలో ఇరుక్కుంటే జపాన్ నుంచి పంపించేశారు. ఇంకొకరైతే ఆ దేశం వైపు మళ్లీ చూసేవారు కాదేమో. ఆమె 1984లో తిరిగొచ్చి, అక్కడి కేబుల్ రేడియో అవార్డుల్లో వరసగా మూడేళ్లు మొదటి బహుమతి గెలిచింది. పరాయి భాషలో, పొమ్మన్న చోటే! తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అన్నిటికన్నా ఆ గొంతు. పాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుందో పట్టుకోవాలని ఇవాళ కళ్లు మూసుకుని పనిగట్టుకుని విన్నాను. దొరకలేదు. చరణం చివర స్వరం నూలుపోగులా సన్నబడుతుంది, తెగదు. అంత హాయిగా పాడిన మనిషికి ఉబ్బసం. 1995 మే 8న థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో అదే ముంచుకొచ్చి చనిపోయింది. 42 ఏళ్లు. ఇప్పుడు నా వయసూ అంతే.

ఆయాసం వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్కవాళ్లని పిలుద్దామన్నా మాట పెగలదు. పరాయి ఊళ్లో ఆ క్షణం ఆమెకి ఎలా గడిచిందో అన్న ఆలోచన సాయంత్రం దాకా వదల్లేదు.

మా ఇంట్లో ఈ జబ్బు నాన్న నుంచి నాకూ తమ్ముడికీ వచ్చింది. ఇంటికి రాగానే వాడికి ఫోన్ చేశాను. తిన్నావా అని కూడా అడగలేదు, ఇన్‌హేలర్ ఉందా అన్నాను.

"నిన్ననే కొత్తది తెచ్చుకున్నానక్కా. జేబులోనే ఉంది."