రిగ్ టెస్ట్ పాసయ్యాను, కానీ ఆ ఎర్ర బొమ్మ సంగతి చెప్పి తీరాలి

నిన్న సాయంత్రం అప్రూవల్ మెయిల్ వచ్చింది. ఒక టీవీ కార్టూన్ సిరీస్‌కి ఇంటి నుంచే యానిమేషన్ చేసే పని. సంతోషంగానే ఉంది కానీ ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు. తగ్గితే మర్యాదగా రాసేస్తానేమోనన్న భయంతో ఇప్పుడే కూర్చున్నాను.

నేను పని నేర్చుకున్నది కాగితం మీద. కింద నుంచి వెలుగొచ్చే లైట్ బాక్స్, కాగితాన్ని కదలకుండా పట్టే పెగ్ బార్, రంధ్రాలు కొట్టిన కాగితాలు. క్లీనప్‌తో (చిత్తు గీతల్ని శుభ్రంగా తిరగ్గీయడం) మొదలుపెట్టి, ఇన్-బిట్వీన్లు (ముఖ్యమైన భంగిమల మధ్యలో వచ్చే బొమ్మలు) గీసి గీసి, కీ డ్రాయింగుల (ఆ ముఖ్య భంగిమల) దాకా వచ్చాను. ఈమధ్య టీవీ పని ఎవరిని అడిగినా ఒకటే ప్రశ్న: "హార్మొనీలో రిగ్ మీద చేయగలరా?" హార్మొనీ అంటే కార్టూన్లు తీసే సాఫ్ట్‌వేర్, రిగ్ అంటే ముక్కలుగా గీసి తగిలించిన బొమ్మ, దాని సంగతి కింద చెప్తాను. కాగితం మీద ఎంత బాగా గీస్తావో ఎవరికీ అక్కర్లేదు.

వాళ్ళనీ తప్పు పట్టలేం. 22 నిమిషాల ఎపిసోడ్ అనుకోండి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా 15,840 బొమ్మలు కావాలి. అదీ తెర మీద ఎప్పుడూ ఒక్క పాత్రే కదులుతుంటే. ఇలాంటి ఎపిసోడ్లు వరసగా తీయాలంటే బొమ్మని మళ్ళీ మళ్ళీ వాడుకోక తప్పదు. ముందు రంగులు కంప్యూటర్‌లోకి వెళ్ళాయి. అమెరికా కార్టూన్ 'ది సింప్సన్స్' 2002లో సెల్ (పారదర్శకంగా ఉండే షీటు) మీద పెయింట్ వేయడం మానేసి డిజిటల్ రంగులకి మారింది. జపాన్‌లో 'సజాయే-సాన్' అనే సిరీస్ మాత్రం 2013 దాకా సెల్స్‌ని పట్టుకుని వేలాడింది. ఆ తర్వాత బొమ్మలే లోపలికి వెళ్ళాయి. ఒకప్పుడు ఇంటర్నెట్ పేజీల్లో చిన్న చిన్న కదలికల కోసం వాడిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో టీవీ సిరీస్‌లు తీశారు. 'పెప్పా పిగ్', 'బ్లూయీ' లాంటివి సెల్ యాక్షన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారవుతాయి. నాకు ఎదురైంది టూన్ బూమ్ హార్మొనీ.

ఈ సిరీస్ వాళ్ళకి పోర్ట్‌ఫోలియో పంపాను, నచ్చింది. రహస్యం బయటపెట్టనని ఒప్పందం మీద సంతకం చేశాను. పెన్ టాబ్లెట్ అలవాటు కావడానికి కొంచెం టైమ్ పట్టింది. చెయ్యి ఒక చోట, చూపు ఇంకో చోట ఉండటం మొదట్లో తిక్కగా ఉంటుంది. తర్వాత మర్చిపోతాం. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కూడా జనం భయపెట్టినంత కష్టం కాదు. నాతో పాటు క్లీనప్ చేసి నాకంటే ముందే ఇటు వచ్చేసిన ఒక తమ్ముడు రాత్రిపూట ఫోన్‌లో కూర్చోబెట్టి చెప్పాడు. "అన్నా, బటన్లు బట్టీ పట్టకు. ఏ ముక్క దేనికి తగిలించి ఉందో చూసుకో, చాలు" అన్నాడు. నాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. గంటల తరబడి సాగే కోర్సుల్లో సగం, చెప్పేవాడి గొప్పలు వినడానికే సరిపోతుంది.

రిగ్ అంటే తెలియనివాళ్ళ కోసం: పాత్రని ముక్కలు ముక్కలుగా గీసి పెడతారు. తల, మొండెం, పై చెయ్యి, ముంజెయ్యి, అరచెయ్యి. ముంజెయ్యి పై చేతికి, పై చెయ్యి మొండేనికి పెగ్‌లతో (సాఫ్ట్‌వేర్‌లో కొక్కేల్లాంటివి) తగిలించి ఉంటాయి. భుజం తిప్పితే చెయ్యి మొత్తం వస్తుంది. నోటికి పది పన్నెండు ఆకారాలు ముందే గీసి ఉంటాయి, మాటని బట్టి మార్చుకోవాలి. ఇదేదో కంప్యూటర్ కనిపెట్టిన వింత అనుకోకండి. 1950ల చివర్లో హన్నా-బార్బెరా కార్టూన్ స్టూడియో వాళ్ళు యోగి బేర్ అనే ఎలుగుబంటి పాత్రకి కాలర్, టై తగిలించింది ఇందుకే. మెడ దగ్గర అతుకు కనపడదు కాబట్టి ఒంటిని కదపకుండా తలని మాత్రం మళ్ళీ గీసుకోవచ్చు. ఈ కుర్ర సూపర్‌వైజర్లలో ఎంతమందికి తెలుసో ఈ సంగతి!

ఇక టెస్ట్. ఒక పిల్లాడి పాత్ర. బరువైన పెట్టె ఎత్తాలి, రెండడుగులు వేయాలి, ఆగి ఒక మాట చెప్పాలి. రిగ్, బ్యాక్‌గ్రౌండ్, సౌండ్ ఒక జిప్‌లో పంపారు. దాంతో పాటు పేజీల కొద్దీ రూల్స్: ఫైల్ పేరు ఇలా ఉండాలి, రిగ్‌లో ఏదీ మార్చకూడదు, కొత్త లేయర్లు (బొమ్మ పొరలు) పెట్టకూడదు.

జిప్ విప్పి సీన్ తెరిచాను. పిల్లాడు ఎర్రగా ఉన్నాడు.

ఎర్రగా అంటే చొక్కా కాదు. ముఖం, జుట్టు, కళ్ళు, చేతులు, పాదాలు అన్నీ ఒకటే ఎరుపు. కనుగుడ్డు ఎక్కడుందో, కనురెప్ప ఎక్కడుందో తెలియదు. గీతలూ ఎరుపే కాబట్టి చెయ్యి మొండెం ముందుకొస్తే కలిసిపోయి ముద్దలా కనపడుతోంది. ఎర్ర పెయింట్ డబ్బాలో ముంచి తీసినట్టు ఉన్నాడు పాపం.

వెంటనే వాళ్ళ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాను. స్క్రీన్‌షాట్ కూడా జతచేశాను. "ఫైల్ ఇలా తెరుచుకుంటోంది, ఇది ఉండాల్సిన తీరేనా?" అని. జవాబు ఒక్క వాక్యం: "దయచేసి ఇచ్చిన ఫైల్‌నే వాడండి, రిగ్‌లో మార్పులు చేయవద్దు." నా ప్రశ్న చదివారా అసలు? రూల్స్ కాగితంలోంచి ఒక వాక్యం తీసి అతికించినట్టు ఉంది. మళ్ళీ రాశాను. ఈసారి జవాబే లేదు. గడువు దగ్గర పడుతోంది.

సరే, ఎర్ర పిల్లాడితోనే చేద్దాం అని మొదలుపెట్టాను. కళ్ళు కనపడవు కాబట్టి లేయర్లు ఒక్కొక్కటి ఆపి, తెరిచి చూసుకుంటూ చేశాను. పెట్టె ఎత్తే ముందు మోకాళ్ళు వంగడం, ఎత్తగానే బరువుకి నడుము వెనక్కి వాలడం, మొదటి అడుగు తడబడటం, రెండోది కుదురుకోవడం. ఇక్కడ కాస్త గొప్ప చెప్పుకుంటాను, ఏమనుకోకండి. కీలు, అంటే ముఖ్య భంగిమలు, రెండు పెడితే మధ్యలోది కంప్యూటరే నింపేస్తుంది. అలా నింపిన దాంట్లో పాత్ర నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటుంది, బరువు ఉండదు. నేను చాలా చోట్ల ఆ నింపుడు ఆపేసి, కాగితం మీద చేసినట్టే ఒక్కో భంగిమ చేత్తో పెట్టి రెండేసి ఫ్రేములు నిలబెట్టాను. ఎర్రగా ఉన్నా సరే, ఆ పిల్లాడు నిజంగా మోస్తున్నట్టే ఉన్నాడు.

పంపాను. తిరిగొచ్చింది. "టెక్నికల్ చెక్‌లో ఫెయిల్. కలర్ సమస్య."

కలర్ సమస్య! మెయిల్ పెట్టింది ఎవరు?

ఫోన్ చేసి అడిగితే వీడియో కాల్‌లో మాట్లాడదాం అన్నారు. నేనూ, సూపర్‌వైజరూ ఉంటాం అనుకున్నాను. చూస్తే టీమ్ అంతా ఉంది. అందరూ నా వయసులో సగం వాళ్ళు. సూపర్‌వైజర్ తన స్క్రీన్ మీద నా సీన్ తెరిచాడు. ఎర్ర పిల్లాడు ప్రత్యక్షం. ఎవరో మైక్ ఆపడం మర్చిపోయి కిసుక్కున నవ్వారు.

"సార్, మీరు పేపర్ నుంచి వచ్చారు కదా. బహుశా పెయింట్ టూల్ పొరపాటున తగిలి ఉంటుంది."

"నేను పెయింట్ టూల్ ముట్టుకోలేదండీ. ఫైల్ వచ్చిందే అలా. మీ కోఆర్డినేటర్‌కి స్క్రీన్‌షాట్ పంపాను."

"ఫర్వాలేదు సార్, అందరికీ మొదట్లో జరుగుతుంది. ఒకసారి మీ స్క్రీన్ షేర్ చేసి, కీ ఎలా పెడతారో చూపిస్తారా?"

ఏళ్ళ తరబడి కీలు గీసినవాణ్ణి. అంతమంది ముందు, అ ఆలు దిద్ది చూపించమన్నట్టు, కీ పెట్టి చూపించమన్నారు. చూపించాను. చేతులు వణికాయి. పని వస్తుందో రాదో అన్న టెన్షన్ ఒక పక్క, కోపం ఒక పక్క. కోఆర్డినేటర్ కూడా ఆ కాల్‌లోనే ఉన్నారు. నా మెయిల్ గురించి నోరు మెదపలేదు. కాల్ అయ్యాక భోజనం చేయబుద్ధి కాలేదు.

ఆ రాత్రి తమ్ముడికి సీన్ చూపించాను. చూడగానే అన్నాడు, "అన్నా, ఇది పెయింట్ కాదు, ప్యాలెట్ లేదు." అప్పుడు విప్పి చెప్పాడు. హార్మొనీ బొమ్మలో రంగు ఉండదు. ఫలానా చోట ఫలానా గుర్తింపు సంఖ్య ఉన్న రంగు అని మాత్రమే ఉంటుంది. అసలు రంగు ప్యాలెట్ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది. ప్యాలెట్‌లో చొక్కా రంగు మారిస్తే, ఆ పాత్ర వేల బొమ్మల్లో ఉన్నా అన్నిటా మారిపోతుంది. అదే పాత్రకి పగటి ప్యాలెట్, రాత్రి ప్యాలెట్ పెట్టుకోవచ్చు. టీవీ వాళ్ళకి ఇంత సౌకర్యం ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ ప్యాలెట్ ఫైల్ దొరక్కపోతే మాత్రం సాఫ్ట్‌వేర్ ఆ రంగు ఉండాల్సిన చోటల్లా ఎరుపు చూపిస్తుంది. అది లోపం కాదు, "రంగు దొరకలేదు" అని మనకి చేసే హెచ్చరిక.

సీన్ ఫోల్డర్‌లోని ప్యాలెట్ లైబ్రరీ తెరిచి చూశాం. పెట్టె ప్యాలెట్ ఉంది, పిల్లాడిది లేదు. ఎందుకంటే వాళ్ళు పాత్రల ప్యాలెట్లు తమ సర్వర్ మీద, సిరీస్ మొత్తానికీ ఒకే చోట పెట్టుకుంటారు. సీన్‌ని అలాగే జిప్ చేసి బయటికి పంపితే ఆ ఫైల్ రాదు. లోపల పనిచేసేవాళ్ళకి రంగులు మామూలుగానే కనపడతాయి కాబట్టి వాళ్ళకి ఈ సంగతే తట్టదు. మరి నా సీన్ వాళ్ళ దగ్గరా ఎర్రగానే ఎందుకు తెరుచుకుందంటారా? బయటి నుంచి వచ్చిన టెస్టులు సర్వర్‌తో సంబంధం లేని మెషీన్ మీద చూస్తారట. అక్కడా ఆ ప్యాలెట్ లేదు.

నేను కొత్త ప్యాలెట్ చేసి, అలాంటి రంగులే కలిపి పంపేద్దామా అన్నాను. "కుదరదు అన్నా. కంటికి ఒకటే అయినా గుర్తింపు సంఖ్య వేరే అవుతుంది, బొమ్మ దాన్ని పట్టించుకోదు" అన్నాడు. వాళ్ళ ఫైలే రావాలి.

ఈసారి కోఆర్డినేటర్‌ని వదిలేసి, రూల్స్ కాగితం చివర్లో ఉన్న టెక్నికల్ టీమ్ అడ్రస్‌కి రాశాను. ఫోల్డర్ స్క్రీన్‌షాట్, లేని ప్యాలెట్ పేరు, నా పాత మెయిల్ తేదీలతో సహా. గంటలోపు ప్యాలెట్ ఫైల్ వచ్చింది. ఫోల్డర్‌లో పెట్టి సీన్ మళ్ళీ తెరిచాను. పిల్లాడికి పసుపు చొక్కా, నీలం నిక్కరు, ముక్కు మీద రెండు చుక్కలు. ఆ చుక్కలు ఉన్నాయని అప్పుడే తెలిసింది నాకు!

క్షమాపణ రాలేదు. "దయచేసి మళ్ళీ సబ్మిట్ చేయండి" అని మాత్రం వచ్చింది. ఒక్క కీ కూడా మార్చకుండా మళ్ళీ పంపాను. యానిమేషన్ డైరెక్టర్ దగ్గర్నుంచి వచ్చిన నోట్‌లో మాట చివర నోరు ఒక ఫ్రేము ముందే మూసుకుంటోందని ఒక చిన్న సవరణ. దాని కింద: "బరువు చాలా బాగుంది." నవ్విన వాళ్ళు కూడా ఆ నోట్ చదివారనే అనుకుంటున్నాను, అందరికీ కాపీ వెళ్ళింది మరి.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ వచ్చి మన పొట్ట కొట్టిందన్న మాటలో సగమే నిజం. పని పోయింది ఎక్కువగా ఇన్-బిట్వీన్ గీసేవాళ్ళకి, రంగులు వేసేవాళ్ళకి. అది చిన్న బాధ కాదు, నాతో పనిచేసిన వాళ్ళు చాలామంది వేరే దార్లు చూసుకున్నారు. ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అన్నది మాత్రం ఇంకా ఎవరో ఒకరికి తెలియాలి. కానీ ఆ తెలిసినవాణ్ణి "పేపర్ మనిషి" అని పక్కన పెట్టడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది. ఫోల్డర్ పేర్లు తప్ప ఇంకేమీ తెలియనివాళ్ళు పని తెలిసినవాళ్ళ మీద పెత్తనం చేస్తున్నారు.

టెస్ట్ రాసేవాళ్ళకి నేను చెప్పేది: జిప్ రాగానే, ఒక్క కీ పెట్టకముందే, ప్యాలెట్ ఫోల్డర్ చూడండి. ఎరుపు కనిపిస్తే ఆగిపోండి. ఏ వెర్షన్‌లో చేశారో అడగండి, కొత్త వెర్షన్‌లో దాచిన సీన్ పాత దాంట్లో తెరుచుకోదు. చేతుల్నీ కాళ్ళనీ చివరిదాకా వంచి చూడండి, మోచెయ్యి దగ్గర అతుకు విడిపోతే అప్పుడే చెప్పండి. ఫోన్‌లో ఏమీ ఒప్పుకోవద్దు, అంతా మెయిల్‌లోనే ఉండాలి. వీడియో కాల్ అంటే ఎవరెవరు వస్తారో ముందే అడగండి. కోఆర్డినేటర్ మంచివాళ్ళయితే మీ అదృష్టం.

ఈరోజు పొద్దున మొదటి సీన్లు వచ్చాయి. రంగులన్నీ ఉన్నాయి. అయితే మూడో సీన్‌లో పాత్ర వెనక్కి తిరిగి నడవాలి, రిగ్‌లో వెనక వైపు తలే గీయలేదు. స్క్రీన్‌షాట్ తీసి టెక్నికల్ టీమ్‌కీ, సూపర్‌వైజర్‌కీ, కోఆర్డినేటర్‌కీ ముగ్గురికీ కలిపి మెయిల్ పెట్టాను. తల వచ్చేదాకా మిగతా సీన్లు చేస్తాను.