మ్యాప్‌లో ఒక క్లినిక్‌ని రామ్‌నగర్‌కి మార్చడానికి

నేను విశాఖపట్నంలో మెడికల్ రెప్‌ని. పొద్దున్న అక్కయ్యపాలెం, మధ్యాహ్నం మహారాణిపేట, సాయంత్రం గాజువాక అన్నట్టు తిరుగుతుంటాను. అందుకే ఏ డాక్టరుగారు ఎక్కడికి మారారో, ఏ ల్యాబ్ మూతపడిందో మ్యాప్ కన్నా ముందు నాకే తెలుస్తుంది. తెలిసినప్పుడల్లా ఫోన్ తీసి గూగుల్ మ్యాప్‌లో సరిచేసే అలవాటు ఒకటి పట్టుకుంది. ఎవరూ పని చెప్పలేదు, జీతం లేదు. పాయింట్లు ఇస్తారు, వాటితో టీ కూడా రాదు.

చాలా మార్పులు ఇట్టే ఒప్పుకునేది. మూతపడిన మెడికల్ షాపు, తప్పు ఫోన్ నంబరు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కూడా విశాఖపట్నం జిల్లా అనే ఉన్న అనకాపల్లి అడ్రస్‌లు, ఇలాంటివి. అసలు చిక్కు ఒక స్కిన్ క్లినిక్ దగ్గర వచ్చింది.

డాబా గార్డెన్స్‌లో ఏళ్లుగా ఉన్న ఆ క్లినిక్‌ని డాక్టరుగారు రామ్‌నగర్‌కి మార్చారు. ఊళ్లోవాళ్లకి అదేమంత దూరం కాదు. కానీ విశాఖకి వైద్యానికి వచ్చేవాళ్లందరూ ఊళ్లోవాళ్లు కారు కదా. 1923లో మొదలైన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉంది కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం నుంచీ, అటు ఒడిశాలో కోరాపుట్, రాయగడ నుంచీ జనం ఇక్కడికే వస్తారు. ప్రైవేటు క్లినిక్‌లకీ వాళ్లే వస్తారు. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, ఆటో అతనికి ఫోన్ చూపించి ఇక్కడికి పోనీయమంటారు. అతను మ్యాప్ చెప్పిన చోట దింపి వెళ్లిపోతాడు. అక్కడ చూస్తే షట్టర్ వేసి ఉంటుంది.

నేను కొత్త అడ్రస్ రాసి, మ్యాప్ మీద చోటు చూపించే పిన్ జరిపి, ఫోన్ నంబరు కూడా మార్చి పంపాను. కొన్నాళ్లు పరిశీలనలో ఉందని చూపించి, తర్వాత ఆమోదించలేదని చెప్పింది. ఎందుకో చెప్పదు. ఎవర్ని అడగాలో కూడా తెలియదు. కళ్లతో చూసి చెబుతుంటే కాదంటారేమిటని ఒళ్లు మండింది. ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ, "ఆ డాక్టరుకి లేని బాధ మీకెందుకండీ?" అంది. అప్పుడు వేళాకోళం అనుకున్నాను గానీ, చివరికి అసలు విషయం అక్కడే ఉంది.

ముందు నాకు తోచిన దారిలో వెళ్లాను. అన్నీ ఒకేసారి మారిస్తే దానికి అనుమానం వస్తుందేమోనని ఒక్కో విషయం విడివిడిగా పంపాను. ఫోన్ నంబరు ఒప్పుకుంది, అడ్రస్ ఒప్పుకోలేదు. సరే, రుజువు పెడదామని పాత చోటికి వెళ్లాను. షట్టర్ మీద ఎ4 కాగితం అంటించి ఉంది, "క్లినిక్ రామ్‌నగర్‌కు మార్చబడినది" అని స్కెచ్ పెన్నుతో రాసి. దాని కింద సగం మీద ఎవరో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ పోస్టర్ అంటించేయడంతో కొత్త డోర్ నంబరు దాని వెనక్కి పోయింది. కొత్త చోట ఫ్లెక్సీ ఉంది గానీ మిట్ట మధ్యాహ్నం ఎండకి అది మెరిసిపోయి, ఫోటోలో డాక్టరుగారి డిగ్రీలు తప్ప ఏమీ కనబడలేదు. సాయంత్రం మళ్లీ వెళ్లి తీశాను. రెండు ఫోటోలూ పెట్టాను.

ఇక్కడే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోటోలు వెంటనే పబ్లిక్‌గా కనిపించాయి. అడ్రస్ మార్పు మాత్రం మళ్లీ తిరస్కరించింది. అంటే అదే పేజీలో అడ్రస్ డాబా గార్డెన్స్ అంటుంది, దాని కిందే ఫోటో క్లినిక్ మారిపోయిందంటుంది!

తర్వాత తీరిగ్గా చదివితే అర్థమైంది. ఈ మార్పుల్లో చాలావాటిని ముందు చూసేది సాఫ్ట్‌వేర్. పంపిన మనిషి ఇదివరకు పంపినవి ఎంతవరకు నిలబడ్డాయి, వేరే చోట్ల ఏ అడ్రస్ ఉంది, వ్యాపారం యజమాని ఏం చెప్పారు, ఇలా బేరీజు వేసుకుంటుంది. ఈ క్లినిక్ పేజీని ఎవరో యజమానిగా వెరిఫై చేసి ఉంచారు. క్లినిక్ వెబ్‌సైట్‌లో కూడా పాత అడ్రసే ఉంది. అటు యజమాని మాట, ఇటు దారినపోయే నేను. దాని స్థానంలో నేనున్నా బహుశా అదే చేసేవాణ్ణి.

దాంతో మ్యాప్‌ని వదిలేసి కాంపౌండర్‌ని పట్టుకున్నాను. "ఏటి మాస్టారూ, మందులు చెప్పడానికొచ్చి మ్యాపులు చెబుతున్నారు?" అని నవ్వాడు. అంతలోనే ఫోన్ మోగింది. పాత షట్టర్ ముందు నిలబడిన పేషెంటే. దారి చెప్పి పెట్టేసి, "రోజూ ఇదే గోలండి" అన్నాడు. మరి పేజీ ఎవరి చేతిలో ఉందంటే, డిజిటల్ మార్కెటింగ్ చేస్తానని వచ్చిన ఒక కుర్రాడు తన సొంత మెయిల్‌తో తెరిచాడట. అతనిప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ గుర్తులేదన్నాడు.

ఈ సమస్యకి దారి ఉంది. పేజీ మాదేనని డాక్టరుగారి మెయిల్ నుంచి అభ్యర్థన పెట్టాలి. పాత మెయిల్‌వాళ్లకి కొద్ది రోజుల గడువిస్తారు. జవాబు రాకపోతే మనం రుజువు చూపించే అవకాశం రావచ్చు. మాకు వీడియో అడిగింది. ఎక్కడా ఆపకుండా, కత్తిరించకుండా ఒకే టేకులో వీధి, చుట్టుపక్కల షాపులు, బోర్డు చూపించి, ఆ చోటు మన చేతిలోదే అని తెలిసేలా తాళం తీసి లోపలికి వెళ్లాలి. కాంపౌండర్ తాళం తీస్తుంటే నేను వెనకాల ఫోన్ పట్టుకుని నడిచాను. లోపల లేజర్ మిషన్, లెటర్‌హెడ్ చూపించి ముగించాం. అది పాసయ్యాక డాక్టరుగారి లాగిన్‌లో అడ్రస్ మారిస్తే పిన్ రామ్‌నగర్‌కి వచ్చేసింది. నేను పంపిన అడ్రసే, నేను చూపించిన గేటే.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఒకసారి తిరస్కరించిందంటే అదే మళ్లీ మళ్లీ పంపను, ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లి పేజీ ఎవరిదని అడుగుతాను. పేరు వెనక "బెస్ట్ ఇన్ వైజాగ్" అని తోక తగిలించుకున్నవాళ్ల జోలికి పోను. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది రూలే, కానీ యజమానే పెట్టుకున్న తోకని తీయించడం నా వల్ల కాదు. ఫిర్యాదు ఫారం వేరే ఉంది, ఓపికున్నవాళ్లు నింపుకోవచ్చు.

నేను కళ్లారా చూసినవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా వేస్తున్నాను. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆ మ్యాప్‌ని నాలాంటి వలంటీర్లే గీస్తారు. ముందస్తు ఆమోదం అక్కర్లేదు, మార్చింది కాసేపట్లో కనిపిస్తుంది. తప్పయితే ఇంకొకరు వచ్చి దిద్దుతారు, కారణం అడుగుతారు. వేరే మ్యాప్‌ల నుంచి కాపీ కొట్టకూడదు, అంతే. మనసుకి హాయిగా ఉంటుంది గానీ, రాయగడ నుంచి వచ్చిన పేషెంటు ఫోన్‌లో ఉండేది గూగుల్ మ్యాపే కదా.

ఇప్పుడు మహారాణిపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌తో పేచీ నడుస్తోంది. మ్యాప్‌లో దానికి రెండు పిన్‌లు, ఒకటి రోడ్డుకి అవతలి వైపు. తీసేయించండి అంటే ల్యాబాయన, "రెండుంటే రెండువైపులా జనం వస్తారు, ఉండనీ బాబూ" అంటాడు. ఇక చేసేదేం లేక ఆ తప్పు పిన్ కింద రివ్యూ రాశాను: ల్యాబ్ ఇక్కడ కాదు, ఎదురుగా మందుల షాపు పక్క మెట్లెక్కండి. అది మాత్రం వెంటనే కనిపించింది.