పాపం, యాంటీబాడీ తప్పేం లేదు

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. అత్తయ్య భోజనాల దగ్గరే కనిపెట్టేశారు, "ఏంటమ్మా, మళ్ళీ ల్యాబ్‌లో ఏమైనా అయిందా?" అని. ఏమీ కాలేదు. ఒక్క మాట, "మేడమ్, యాంటీబాడీ పోయింది." అంతే. మెట్రోలో మలక్‌పేట దాకా అదే బుర్రలో తిరిగింది.

కణంలో మనకి కావాల్సిన ప్రొటీన్‌ని వెతికి పట్టుకుని, వెలిగే రంగుతో అదెక్కడుందో చూపించేదే యాంటీబాడీ. అది పోయిందనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. స్లైడ్ మీద ఏమీ కనబడకపోయినా, వేరేలా కనబడినా మొదటి నింద యాంటీబాడీ మీదే. మే నెల కదా, కొరియర్‌లో ఐస్ ప్యాక్ కరిగిపోయి ఉంటుంది. కంపెనీ వాళ్ళు పాత స్టాకు అంటగట్టి ఉంటారు. రాత్రి కరెంటు పోయి ఫ్రీజర్ ఆగి ఉంటుంది. కారణాలకేం కొదవ! మధ్యాహ్నానికల్లా కొత్త దానికి ఆర్డర్ ఫారం నింపేశారు. బొటనవేలంత ట్యూబు, అడుగున కాసిని చుక్కలు, ధర వేలల్లో, రావడానికి వారాలు. అప్పటిదాకా కొత్తమ్మాయి పని ఆగిపోయినట్టే. ఫారం నింపే ముందు ఆ స్లైడ్‌ని ఒక్కరైనా తీరిగ్గా చూశారా అంటే, లేదు.

లంచ్ మానేసి నేను చూశాను. ఎరుపులో యాక్టిన్, అంటే కణానికి ఆకారం ఇచ్చే పోగుల ప్రొటీన్, బ్రహ్మాండంగా ఉంది, కణం ఈ చివర నుంచి ఆ చివరకి కట్టలు కట్టలుగా. దానికి వాడింది యాంటీబాడీ కాదు, విషపు పుట్టగొడుగు నుంచి వచ్చి యాక్టిన్‌ని పట్టుకునే ఫాలోయిడిన్ అనే పదార్థానికి రంగు తగిలించింది. యాంటీబాడీ వేసింది ట్యూబులిన్‌కి, మైక్రోట్యూబుల్స్ అనే ఇంకో రకం పోగులు కట్టే ప్రొటీన్ అది. ఆకుపచ్చలో అది ఉండాలి. కేంద్రకం పక్క నుంచి బయల్దేరి అంచుల దాకా పరుచుకునే సన్నటి పోగులు. 25 నానోమీటర్ల మందం గొట్టాలవి. ఆ పోగులు లేవు. కణమంతా నీళ్ళ మజ్జిగ పోసినట్టు పలచటి ఆకుపచ్చ. సెకండరీ, అంటే అసలు యాంటీబాడీని పట్టుకుని వెలిగే రెండో యాంటీబాడీ, అది మాత్రమే వేసిన కంట్రోల్ స్లైడ్ పెట్టి చూస్తే శుభ్రంగా నల్లగా ఉంది. అంటే ఆ ఆకుపచ్చ ఎక్కడి నుంచో వచ్చి అంటుకున్న చెత్త కాదు. ఓపిగ్గా వెతికితే, మూలగా విభజన మధ్యలో ఉన్న కణం ఒకటి దొరికింది. అటూ ఇటూ ధ్రువాల నుంచి క్రోమోజోముల దాకా పొట్టి కట్టలు, పచ్చగా, స్పష్టంగా. యాంటీబాడీ పోయి ఉంటే ఇవెలా వెలుగుతాయి?

చల్లదనం! మైక్రోట్యూబుల్స్ చలికి ఆగలేవు, విడిపోయి విడి ట్యూబులిన్ అయిపోతాయి. క్రోమోజోములను పట్టుకున్నవి మాత్రం కాస్త ఎక్కువసేపు తట్టుకుంటాయి. యాక్టిన్ కట్టలకి అంత బాధ లేదు. అమ్మాయిని కూర్చోబెట్టి అడిగితే చెప్పింది, ఫిక్స్ చేసే ముందు, అంటే కణాన్ని ఉన్నదున్నట్టు బిగించే ముందు, ఐస్‌లో పెట్టిన పీబీఎస్ అనే ఉప్పునీళ్ళతో కడిగిందట, ఈలోగా ఫోన్ వస్తే ట్రే ఐస్ మీదే వదిలి బయటికి వెళ్ళిందట. పోగులు అప్పటికే కరిగిపోయాయి. లేని పోగుల్ని యాంటీబాడీ ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పింది, కణమంతా ట్యూబులిన్ చెదిరిపోయి ఉందని.

ఇలాంటప్పుడు మా పెద్ద మేడమ్ గుర్తొస్తారు. నాకు ఈ మైక్రోస్కోపు పని నేర్పింది ఆవిడే, మీకు చాలాసార్లే చెప్పాను. అప్పట్లో మా మైక్రోస్కోపుకి మెర్క్యురీ ల్యాంపు, ఫిల్మ్ కెమెరా. ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో పుస్తకంలో రాయాలి, ఆర్పితే చల్లారేదాకా మళ్ళీ వెలిగించకూడదు. కవర్‌స్లిప్ అంచులకి సుల్తాన్ బజార్‌లో కొన్న రంగులేని నెయిల్ పాలిష్. చీకటి గదిలో కళ్ళు అలవాటు పడేదాకా ఆవిడ నన్ను ఊరికే కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. ఆల్బర్ట్ కూన్స్ 1941లో మొదటిసారి యాంటీబాడీకి తగిలించిన రంగు నీలంగా వెలిగేదట. కణజాలం కూడా తనంతట తాను నీలంగానే వెలుగుతుంది, ఏది ఏదో తెలియదు. అప్పుడాయన ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌కి మారాడు. "చూశావా, యాంటీబాడీని తిట్టలేదు, రంగు మార్చాడు" అనేవారు. యాక్టిన్ సంగతీ ఆవిడ చెప్పిందే. జంతువులన్నిటిలో అది దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కుందేలు ఒళ్ళు దాన్ని పరాయిదిగా గుర్తించదు, దానికి యాంటీబాడీ పుట్టించడం తేలిక కాదు. లాజరిడీస్, వెబర్ అనే శాస్త్రవేత్తలు అది సాధించి, 1974లో కండరం కాని మామూలు కణాల్లో ఆ కట్టల్ని వెలిగించి చూపించారు. ఆ తర్వాత నన్ను కంటికటకం దగ్గరికి పిలిచి, "తొందరగా చూడు, చూస్తున్నకొద్దీ ఆరిపోతుంది" అన్నారు. ఆ పచ్చటి పోగులు చూసి నాకు మాట రాలేదు.

ఇంతవరకూ రాశాక ఇంకోలా అనిపిస్తోంది. యాంటీబాడీని అనుమానించడం తప్పెందుకవుతుంది? మార్కెట్‌లో అమ్మేవాటిలో చెప్పిన ప్రొటీన్‌ని వదిలేసి ఇంకోదాన్ని పట్టుకునేవి ఉన్నాయి. వాటిని నమ్మి ఎంతమంది ఏళ్ళు పోగొట్టుకున్నారో. అనుమానించాల్సిందే. నా బాధ అనుమానం దగ్గరే ఆగిపోవడం గురించి. అమ్మాయి మీద కోపం కూడా పోయింది. ప్రొటీన్లు తీసే బెంచి మీద పని నేర్చుకొచ్చింది, అక్కడ అన్నీ ఐస్ మీదే. పైగా మైనస్ 20 మిథనాల్‌తో ఫిక్స్ చేస్తే మైక్రోట్యూబుల్స్ చక్కగా నిలుస్తాయి కదా, చల్లటిది మంచిదే అనుకోదూ? మిథనాల్ తగిలీ తగలగానే అంతా బిగిసిపోతుంది, పోగులకి కరిగే తీరికే ఉండదు. పీబీఎస్ దేన్నీ బిగించదు. ఈ తేడా ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ప్రొటోకాల్ కాగితంలో "వాష్" అని ఒక్క ముక్క ఉంది, వేడిదో చల్లదో లేదు.

విభజనలో ఉన్న ఆ కణం చూపిస్తే మాత్రం అమ్మాయి మొహం వెలిగిపోయింది.

రేపు పొద్దున్నే పీబీఎస్‌నీ, ఫిక్సేటివ్‌నీ 37 డిగ్రీలకి వెచ్చబెట్టాలి. అదే పాత ట్యూబు, అదే డైల్యూషన్, కడిగేది ఆ అమ్మాయే. పక్కనే ఇంకో స్లైడ్ కావాలనే ఐస్ మీద పెట్టమంటాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఆర్డర్ ఫారం మీద సార్ సంతకం ఇంకా కాలేదట. ఆయన సీట్లో కూర్చోకముందే వెళ్ళి, ఎల్లుండి దాకా ఆపమని అడగాలి.