శ్రీహరికోట ఏ జిల్లా?

గ్రూప్‌-2 ఉద్యోగ పరీక్ష కోసం తిరుపతి బైరాగిపట్టెడలో రూమ్ తీసుకున్న మొదటి మూడు నెలల్లోనే నా ఫోన్‌లో నలభై టెలిగ్రామ్ ఛానెళ్లు చేరాయి. కనిపించిన ప్రతి పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేశాను. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేక టెన్షన్ పెరిగిందే తప్ప చదువు సాగలేదు.

నాకు కళ్లు తెరుచుకున్నది శ్రీహరికోట దగ్గర. మాది సూళ్లూరుపేట. బాగా పేరున్న ఒక సార్ 2023లో పెట్టిన వీడియోలో శ్రీహరికోట నెల్లూరు జిల్లా అని గట్టిగా చెప్పారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడే మా ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. కింద ఇద్దరు ముగ్గురు ఆ మాటే రాస్తే, తప్పు దిద్దలేదు, కామెంట్లు తీసేశారు. నాకు తెలిసిన ఊరి గురించే ఇలా చెప్తే, నాకు తెలియని ఎకానమీలో ఆయన మాట ఎలా నమ్మేది? అప్పటి నుంచి ఎవరి క్లాసైనా ముందు నాకు బాగా తెలిసిన టాపిక్‌తోనే మొదలుపెడుతున్నాను. మీరూ మీ ఊరితోనో డిగ్రీ సబ్జెక్టుతోనో ఇలా చూడండి.

పొరపాటు ఎవరైనా చేస్తారు. మా పాలిటీ సార్ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి 1978లో తీసేశారని చెప్పారు. ఒకమ్మాయి లేచి, "నా పుస్తకంలో 1979 అని ఉంది సార్" అంది. "చూసి రేపు చెప్తానమ్మా" అన్నారు. మర్నాడు రాజ్యాంగం పుస్తకమే తెచ్చి చూపించారు. 44వ సవరణ చట్టం 1978ది. ఆస్తి హక్కు గురించిన 31వ అధికరణ పోయి, దాన్ని మామూలు చట్టబద్ధ హక్కుగా ఉంచే 300ఎ అమల్లోకి వచ్చింది మాత్రం 1979 జూన్ 20న. "నిన్న సగమే చెప్పాను, దిద్దుకోండి" అన్నారు. ప్రశ్న చట్టం గురించా, అమలు గురించా అన్నది చూసుకోవాలి. ఆ సార్‌కి యూట్యూబ్ ఛానెల్ లేదు. పాలిటీకి నేను ఆయన్ని తప్ప ఇంకెవర్నీ వినలేదు.

ఇరవై ఛానెళ్లలో ఒకే జవాబుంటే అది నిజమే అనుకునేవాణ్ణి. ఓసారి జాగ్రత్తగా చూస్తే అన్నింట్లోనూ అదే అచ్చుతప్పు! అందరూ ఒకే పీడీఎఫ్ నుంచి ఎత్తుకున్నారు.

పరీక్ష పెట్టే ఏపీపీఎస్సీ ఇచ్చిన జవాబుల కీ మీద అభ్యంతరం పెట్టాలన్నా ఆధారం చూపాలి కదా. అందుకే నోట్స్‌లో కుడివైపు మార్జిన్ వదిలి, ప్రతి పాయింట్ ఎక్కడ చదివానో రాస్తున్నాను: అధికరణ నంబరు, తెలుగు అకాడమీ పుస్తకం పేజీ, సామాజిక ఆర్థిక సర్వే అయితే ఏ సంవత్సరానిది. మార్జిన్ ఖాళీగా ఉన్నవాటిని ఆదివారం లైబ్రరీలో కూర్చుని వెతుకుతాను. పోయిన ఆదివారం తొమ్మిదింట్లో రెండింటికి ఆధారం దొరకలేదు. కొట్టేశాను.