ఇందిరమ్మ కడసారి చూపుకి యాంటెన్నా కట్టిన మూడు రోజులు

1984లో నాకు పంతొమ్మిదేళ్లు. సంగారెడ్డిలో ఒక రేడియో, టీవీ రిపేరు షాపులో పని నేర్చుకుంటున్నాను. జీతం లేదు. రెండు పూటలా చాయ్, మధ్యాహ్నం సేటు ఇంట్లో భోజనం.

అక్టోబరు 31, బుధవారం. పదకొండు దాటాక బస్టాండు వైపు నుంచి ఎవరో పరుగున వచ్చి ఇందిరమ్మను కాల్చారట అన్నాడు. ఆమె అప్పుడు దేశానికి ప్రధాని, మాకు మాత్రం ముందు మెదక్ ఎంపీ. 1980లో రాయ్‌బరేలీలోనూ గెలిచి, దాన్ని వదిలేసి మా సీటు ఉంచుకుంది. ఆ సంగతి మా దగ్గర చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు.

షాపులో రిపేరుకొచ్చిన రేడియోలు ఏడెనిమిది ఉన్నాయి. పలికేవన్నీ పెట్టమన్నాడు సేటు. ఆకాశవాణిలో మేం వినడానికి భయపడుతున్న ఆ ఒక్క మాట సాయంత్రం దాకా రాలేదు. షార్ట్‌వేవ్ ఉన్న ఒక సెట్టులో బీబీసీ దొరికింది. ఇంగ్లిష్ కాస్త తెలిసిన కంపౌండరు విని, పోయిందంటున్నారు అన్నాడు. నమ్మినవాళ్లు సగం, అతన్ని తిట్టినవాళ్లు సగం. పొద్దున తొమ్మిదింపావు దాటాక సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి ఆవరణలో సొంత కాపలావాళ్లైన ఇద్దరు సిక్కులే కాల్చారని, బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ కూడా బీబీసీ విన్నాడని తర్వాత పేపర్లో చదివాం.

టీవీ పెడదామంటే పగలు మామూలుగా ప్రసారాలే ఉండేవి కావు. స్విచ్ వేస్తే స్ స్ స్ అని చుక్కలు. సాయంత్రానికి షాపు ముందు రోడ్డు నిండిపోయింది. ఎప్పుడూ చెవి వెనక గులాబీ పెట్టుకుని కనిపించే సల్మా సుల్తాన్ దూరదర్శన్‌లో ఆ వార్త చదివింది. కాల్పులు జరిగి అప్పటికి పది గంటలు. వెనక నిలబడ్డవాళ్లకు ఒక్క ముక్క వినిపించలేదు. ముందు వరస ఏడవడం చూసి వాళ్లూ ఏడ్చారు.

మర్నాడు పొద్దున్నే నర్సాపూర్ దగ్గర ఒక ఊరి సర్పంచి జీపులో వచ్చాడు. “సేటూ, అంత్యక్రియలు అయ్యేదాంక ఒక టీవీ కిరాయికి ఇయ్యి. ముసలోళ్లు పట్నం పోలేరు, ఢిల్లీ ఎట్ల పోతరు?” సేటు షట్టరు తలుపుల ఈసీ కంపెనీ టీవీ ఒకటి, స్టెబిలైజరు, సిగ్నల్ పెంచే బూస్టరు ఇచ్చి నన్ను ఎక్కించాడు. నేను ఒంటరిగా సెట్టు బిగించడం అదే మొదటిసారి. దారి పొడుగునా టీవీని పసిపిల్లలా ఒళ్లో పట్టుకున్నాను.

ఆ ఊళ్లో అంతకుముందు టీవీ లేదు. పంచాయతీ ఆఫీసు మిద్దె మీద బోరు పైపులు రెండు కలిపి నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టాం. హైదరాబాదు ఎటని అడిగితే అందరూ బస్సు పోయే రోడ్డు చూపించారు. అటే తిప్పాను. రెండు గంటలు కుస్తీ పట్టినా ఇసుక రాలినట్టు చుక్కలే తప్ప ఏమీ లేదు. ఫీడర్ వైరు అతుకులు విప్పి మళ్లీ వేశాను. బూస్టరు మారుద్దామంటే ఇంకోటి ఎక్కడిది? టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. చీకటి పడ్డాక గొర్రెలు తోలుకొచ్చిన తాత ఒకాయన పైకి చూసి నవ్వాడు. “రోడ్డు వంకర్లు పోతది గని పట్నం వంకర్లు పోతదా? అగో, ఆడ తెల్లగ కనబడ్తలేదా మబ్బు? పట్నం దీపాలు అవి.”

అటు తిప్పాను. నేను మిద్దె మీద, ఒక పిల్లాడు మెట్ల మీద, ఇంకొకడు తలుపు దగ్గర.

“వచ్చిందా?”

“వస్తలేదు!”

“ఇప్పుడు?”

“గొంతు వచ్చింది, బొమ్మ వస్తలేదు!”

కిందికి దిగేసరికి ఢిల్లీలో ఆమె భౌతికకాయం ఉంచిన తీన్‌మూర్తి భవన్ చూపిస్తున్నారు. బొమ్మ నీడల్లా ఉంది, గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. జనం ఒకటే అరుపులు. “ఖూన్ కా బద్లా ఖూన్ సే లేంగే.” నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న ముసలి సారు ఒకాయన ముందు కుర్చీలో ఉన్నాడు. ఢిల్లీ మాటలు ఆయనే తెలుగులో చెబుతున్నాడు. “ఏమంటున్నరు సారూ?” అని ఎవరో అడిగారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఏడుస్తున్నరు” అన్నాడు. నాకు ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. నెత్తుటికి నెత్తురే బదులు అంటున్నారని నేనూ చెప్పలేదు.

ఆ గంటల్లోనే ఢిల్లీలో సిక్కుల ఇళ్లు తగలబడుతున్నాయి. ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది చనిపోయారని తర్వాత ప్రభుత్వ లెక్క చెప్పింది. ఆ మూడు రోజులు టీవీ ముందే కూర్చున్న మాకు అది కనిపించలేదు. చావు కబురు చెప్పడానికి అంత ఆలోచించినవాళ్లు ఆ నినాదాన్ని అంత తేలిగ్గా ఎలా వదిలారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ముసలి సారుకు ఉన్న ఆలోచన ఆ మైకు దగ్గర ఒక్కరికి ఉంటే బాగుండేది.

మూడో తేదీ శనివారం అంత్యక్రియలు. అసలు చిక్కు ఆ రోజు వచ్చింది. పొలాల్లో మోటార్లు నడిస్తే ఊళ్లో వోల్టేజీ పడిపోయి, బొమ్మ రెండు పక్కల నుంచీ కుంచించుకుపోయేది. స్టెబిలైజరు కుయ్యోమంది. సర్పంచి డప్పు వేయించాడు: టీవీ నడిచేదాకా ఎవరూ మోటారు వెయ్యొద్దని. ఆడవాళ్లు టీవీకి పసుపు, కుంకుమ పెట్టి దండ వేశారు. వెనక గాలి రంధ్రాలు మూసుకుపోతాయని దండ పక్కకు జరిపితే ఒకామె నా మీద కస్సుమంది. అగరుబత్తీలు మాత్రం బతిమాలి కిటికీలో పెట్టించాను.

ఫిరంగి బండి మీద తీసుకొస్తున్నారు. దేశదేశాల నుంచి పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. థాచర్, అరాఫత్, జియా ఉల్ హక్ పేర్లు ముసలి సారే చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న అవ్వకు అవేవీ పట్టలేదు. నా చెయ్యి పట్టుకుని లాగింది.

“ముఖం కనబడ్తలేదు బిడ్డా. జర దగ్గరికి తే.”

నా చేతిలో లేదవ్వా అంటే వినలేదు. ఆమె కోసం మిద్దె ఎక్కి పైపు అటూ ఇటూ కదిపి, మళ్లీ మొదటి చోటికే తెచ్చాను. కిందినుంచి “ఆఁ, ఇప్పుడు బాగుంది” అంది అవ్వ గొంతు.

దిగేసరికి రాజీవ్ చితికి నిప్పు పెడుతున్నాడు. గదిలో ఎవరూ కదల్లేదు. మంట లేచిన కాసేపటికి ఊరవతల ఎక్కడో ఒక మోటారు మొదలైంది, ఆ వెంటే ఇంకొకటి. తెర రెండు వైపులా నల్లబడుతూ వచ్చింది. మధ్యలో మంట సన్నగా, నిలువుగా మిగిలింది. నేను స్టెబిలైజరు మీద చెయ్యి పెట్టి, వేడి చూసుకుంటూ కూర్చున్నాను.