గేమ్ ఎందుకు ఆగిపోతోందో తేలేదాకా

గేమ్ క్రాష్ అవుతోంది అని అందరం ఒకే మాట అంటాం గానీ, అందులో రకాలున్నాయి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపించడం వేరు. బొమ్మ కదలకుండా బిగుసుకుపోయి, ఒకే ముక్క సౌండ్ మోగుతూ ఉండటం వేరు. సిస్టమ్ మొత్తం ఆఫ్ అయి దానంతటదే ఆన్ కావడం ఇంకో సంగతి, అప్పుడు ముందు పవర్ సప్లైనీ వేడినీ అనుమానించాలి. బెంగళూరు మారతహళ్లిలో నేనూ తమ్ముడూ వాడే పీసీకి మొదటి రెండూ పట్టుకున్నాయి. కార్ల రేస్ గేమ్ ఒకసారి పది నిమిషాలకే పోయేది, ఇంకోసారి రెండు గంటలు హాయిగా నడిచేది.

కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో ఒక షాపులో అడిగితే, సగం వినకుండానే "గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే భాగం) పోయింది సార్, మార్చేయండి" అన్నారు. కొత్త కార్డంటే మాకు రెండు నెలల అద్దె. ఏ పరీక్షా చేయకుండా అంత డబ్బు పెట్టమనే సలహా నాకు అస్సలు నచ్చలేదు.

ముందు వేడి చూశాను. పీసీలో వేడి ఎంతుందో చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి పెట్టి తమ్ముణ్ని ఆడమన్నాను. కార్డు 78 డిగ్రీల దగ్గర నిలబడింది, భయపడాల్సినంత కాదు. తర్వాత విండోస్‌ని సేఫ్ మోడ్‌లో, అంటే అవసరమైనంత మేరకే నడిచేలా తెరిచి, డ్రైవర్లను తుడిచేసే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో కార్డు పాత డ్రైవర్‌ని (కార్డుని విండోస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ని) పూర్తిగా తీసేసి కొత్తది వేశాను. తేడా లేదు.

అసలు దారి చూపింది, పీసీలో జరిగిన తప్పుల చిట్టా చూపే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్. గేమ్ ఇలా మూసుకుపోతే చాలాసార్లు అందులో 1000 నంబరుతో 'అప్లికేషన్ ఎర్రర్' నమోదవుతుంది. ఏ ఫైలు దగ్గర పడిపోయిందో కూడా రాసి ఉంటుంది. మా దాంట్లో ఒకసారి గేమ్ ఫైలే, ఒకసారి విండోస్ వాళ్ల డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే ఫైలు), ఇంకోసారి గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు. ఎర్రర్ కోడ్ మాత్రం ఎప్పుడూ యాక్సెస్ వయొలేషన్‌దే, అంటే ప్రోగ్రామ్ తనకు అనుమతి లేని మెమరీ చోటును ముట్టుకుందని. తప్పు ఒకే ప్రోగ్రామ్‌దైతే చాలావరకు ఒకే పేరు కనిపించాలి. ఇలా రోజుకో పేరు వస్తుంటే అన్నిటికీ కింద ఉన్నదాన్ని, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ల డేటా ఉండే మెమరీని, ర్యామ్‌ని అనుమానించాలి. గేమ్‌లు కొని దించుకునే స్టీమ్ యాప్‌లో గేమ్ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో వెరిఫై చేస్తే మరో ఆధారం దొరికింది. పాడైన ఫైళ్లు ఉన్నాయని మళ్లీ దించుకునేది, వెంటనే ఇంకోసారి చేస్తే మళ్లీ వేరే లెక్క చెప్పేది. డిస్క్ హెల్త్ చూస్తే బాగానే ఉంది.

అప్పుడు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్నుంచే పీసీ బూట్ చేశాను. ఇది విండోస్‌తో పని లేకుండా నడుస్తుంది కాబట్టి డ్రైవర్ల గొడవ మధ్యలోకి రాదు. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు చేస్తుంది, అంటే పరీక్షలన్నీ నాలుగు విడతలు నడుపుతుంది, చాలా గంటలు పడుతుంది. మాకు మొదటి పాస్ పూర్తి కాకముందే ఎర్రర్లు ఎర్రగా వరుసకట్టాయి. వెనక నిలబడి చూస్తున్న తమ్ముడు "అన్నా, అంటే కార్డు బాగానే ఉన్నట్టేనా?" అన్నాడు. ఆ మాటకే సగం టెన్షన్ తగ్గింది.

ఎర్రర్ వచ్చిందంటే ర్యామ్ స్టిక్ (మదర్‌బోర్డులో గుచ్చే ర్యామ్ పలక) చెడిపోయిందని వెంటనే అనుకోకూడదు. ర్యామ్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మా ర్యామ్ 3200 వేగంతో నడుస్తుంది, కొన్నిసార్లు ఆ వేగానికే తడబడుతుంది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే పీసీ సెట్టింగ్‌లలో) అది ఆఫ్ చేసి చూశాను, ఎర్రర్లు ఆగలేదు. తర్వాత పీసీ పూర్తిగా ఆపి, వైరు పీకి, ఒక్కో స్టిక్‌నీ విడిగా పరీక్షించాను. ఒకటి శుభ్రంగా పాసైంది. రెండోది ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లే. స్లాట్ మార్చి చూడటం తప్పనిసరి, లేకపోతే మదర్‌బోర్డు తప్పు ర్యామ్ మీద పడుతుంది.

ఎర్రర్ల ఫొటోలు, బిల్లు పట్టుకెళ్తే ఆ స్టిక్‌ని వారంటీ కింద తీసుకున్నారు. మార్చి ఇచ్చేదాకా బాగున్న స్టిక్ ఒక్కదానితో, గ్రాఫిక్స్ తగ్గించి ఆడుకున్నాం. క్రాష్ ఒక్కటీ లేదు. కొత్తది రాగానే ఎక్స్ఎంపీ ఆన్ చేసి, రెండూ కలిపి రాత్రంతా టెస్ట్ నడిపాను. ఒక్క ఎర్రరూ రాలేదు.

ఇంకొక్క పని ఉంది, చాలామంది వదిలేస్తారు. చెడ్డ ర్యామ్‌తో నడిచినన్నాళ్లూ డిస్క్‌లోకి తప్పు డేటా వెళ్లి ఉండొచ్చు. అందుకే విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్ నడిపాను, పాడైన విండోస్ ఫైళ్లు కొన్ని దొరికితే బాగుచేసింది. గేమ్ ఫైళ్లు మళ్లీ వెరిఫై చేయించాను. ఈసారి రెండుసార్లు చేసినా ఒకే జవాబు: అన్నీ సరిగ్గా ఉన్నాయని.